బిస్కెట్ డబ్బాలో పటాలం

ఈ వేసవిలో వి.బి.ఎస్. ముగిసిన మరునాడు, బోధన్ అవతల ఒక పల్లె నుండి మా సంఘ సభ్యురాలైన ఒక పెద్దమ్మ ఆటో దిగి, కొంగు చాటున ఏదో దాచుకొని మా గుమ్మమెక్కింది. వి.బి.ఎస్. పిల్లలకు వండిపెట్టమని ఏ కోడిపుంజునో తెచ్చిందనుకొన్నాము. తీరా చూస్తే తుప్పుపట్టిన పాత బిస్కెట్ డబ్బా.

"అయ్యగారూ, గియ్యి మా మామ కాలంనాటియి. ఇంట్ల పోరగాండ్లు వీటి కోసం కొట్లాడుకుంటున్నరు. పాత సామాన్లోడు తూకం లెక్కన అడిగిండు. పెద్దోడు ఇచ్చెయ్యమంటడు. నాకు మనసొప్పుతలేదు. మీ కాడ పెట్టుకోన్రి" అన్నది.

ఆమె మామ నిజామాబాదులో ఒక దొరగారి బంగళాలో వంటవాడు. దొర స్వదేశం వెళ్ళిపోతూ తన పిల్లల ఆటవస్తువులు పంచిపెట్టినప్పుడు ఈ డబ్బా వంటవాని వంతుకు వచ్చింది. మూత తీసి టేబుల్ మీద పరిచిన పాత దినపత్రికపై బోర్లించాము. రంగురంగుల సైనికులు జలజలా రాలారు. లెక్కపెడితే 46 మంది. వారిలో ఏడుగురికి తలలు లేవు.

పిల్లలు ఎక్కడ వాసన పట్టారో గాని పది నిమిషాల్లో మా వరండా నిండిపోయింది. అప్పటి నుండి రెండు నెలలు ఈ డబ్బా మాకు మంచి పనే పెట్టింది. ఒక పాస్టరు యుద్ధపు బొమ్మలు బాగుచేయడమేమిటి, వాటితో సండేస్కూలు పిల్లలచేత యుద్ధం ఆడించడమేమిటి అని కొందరు అడిగారు. మేమూ మమ్మల్ని ఆ మాట అడుగుకొన్నాము. అందుకే జరిగినదంతా రాస్తున్నాము.

ముందు ఆ బొమ్మల సంగతి. డబ్బాలో రెండు జాతులున్నాయి. 11 బొమ్మలు వడియాల్లాగా చదునుగా ఉన్నాయి. ప్రక్కనుండి చూస్తే కాగితమంత పలుచన, ఎదుటినుండి చూస్తే తుపాకి, టోపీ, మీసంతో సహా నిండు మనిషి. ఇవి జర్మనీలో న్యూరెంబర్గ్ పట్టణపు పద్ధతి. అక్కడ పలకరాతి మీద బొమ్మను లోతుగా చెక్కి, రెండు పలకలు కలిపి బిగించి, కరిగించిన తగరం, సీసం మిశ్రమాన్ని ఆ సందులో పోసేవారు. పద్దెనిమిదవ శతాబ్దంలోనే హిల్పెర్ట్ అనే పనివాడు ఇలాంటివి చేశాడు. 1839లో ఎర్నెస్ట్ హైన్రిక్సెన్ అక్కడ పెట్టిన కార్ఖానా వాటిని లోకమంతటికీ పంపింది. తర్వాత ఇతర పనివారు కూడా అతని కొలతనే అనుసరించడంతో, ఎవరి బొమ్మ కొన్నా పక్కవాని బొమ్మతో సరిజోడుగా నిలిచేది.

మిగిలిన 35 బొమ్మలు గుండ్రని నిండు రూపాలు. చేతికెత్తుకుంటే మాత్రం లోపల గుల్ల. దీని కిటుకు కనిపెట్టింది లండనులోని విలియం బ్రిటన్ కుటుంబం, 1893లో. కరిగిన సీసాన్ని అచ్చులో పోసి, అంచులు గట్టిపడగానే లోపలి ద్రవాన్ని తిరిగి వంచేస్తే పలుచని చిప్ప మాత్రం మిగులుతుంది. లోహం తక్కువ పడుతుంది, తపాలా ఖర్చు తగ్గుతుంది, బొమ్మ చవకవుతుంది. జర్మనీ బొమ్మలు కొనలేని ఇళ్ళలోకి కూడా సైన్యాలు నడిచి వెళ్ళాయి. పోటీదారులు వాటిని చూసి అచ్చులు పోసుకొంటుంటే, కంపెనీవారు తమ బొమ్మల పాదాల క్రింద చిన్న కాగితం చీటీ అంటించేవారు. మా డబ్బాలో రెండింటి క్రింద ఆ చీటీ చినిగిన అంచులు ఇంకా ఉన్నాయి.

ఆ 35లో తొమ్మిది గుర్రపు రౌతులు. పన్నెండు మంది మోకాళ్ళ వరకు గళ్ళ గుడ్డ కట్టుకొన్న స్కాట్లాండు సిపాయిలు. వారిని చూసి మా పిల్లలు "గాగ్రాలు కట్టిండ్రు" అని పొట్టలు పట్టుకొని నవ్వారు. మిగిలిన 14 మంది ఎర్రకోట్లు, తలపాగాలు ధరించి, తుపాకులు నేలకు సమానంగా పట్టుకొని నడుస్తున్నారు. వారి ముఖాలకు పూసిన రంగు గోధుమ రంగు. ఏడవ తరగతి చదివే ఒక పిల్లవాడు ఒక బొమ్మను వెలుతురుకు పట్టి చూసి, "అయ్యగారూ, వీళ్ళు మనోళ్ళా?" అని అడిగాడు.

మనవాళ్ళే. బ్రిటన్ కంపెనీ 1890లలో మద్రాసు సిపాయి పటాలం పేరుతో అమ్మిన బొమ్మలవి. మద్రాసు సైన్యములో తమిళులు, తెలుగువారు, దక్కను ముస్లిములు అందరూ ఉండేవారు. కంపెనీ తొలినాళ్ళ సిపాయిలలో తెలుగు సీమ నుండి వెళ్ళినవారు ఎందరో ఉండబట్టి ఉత్తరదేశంలో సిపాయిని "తిలంగా" అని పిలిచేవారు. 1857 తిరుగుబాటు నాటి ఢిల్లీలోనూ అదే మాట. మనిషి అవధుకు చెందినవాడైనా ఎర్రకోటు తొడిగితే తిలంగాయే. మన పేరు అలా ఒక ఉద్యోగానికి పేరై, లండనులో సీసపు బొమ్మయి, ఒక వంటవాని ఇంటి అటక మీదికి తిరిగివచ్చింది!

బాగుచేసే పని మొదలుపెట్టేసరికి మా యింటి అమ్మగారు అడ్డుపడ్డారు. "అది సీసం. అన్నం తినే బల్ల మీద పెట్టడానికి వీల్లేదు" అన్నారు. ఆమె మాట నిజం. సీసం కడుపులోకి పోతే పిల్లల మెదడు ఎదుగుదలకు చేటు. పాత రంగుల్లోనూ సీసముంటుంది. బ్రిటనులో 1966 నాటికి సీసపు సైనికుల తయారీ ఆగిపోయింది. ఎవరింట్లోనైనా ఇలాంటివి ఉంటే చిన్నపిల్లలకు ఆడుకోనివ్వవద్దు, గరుకు కాగితంతో రుద్దవద్దు, ఆ పొడి గాలిలో కలుస్తుంది. మేము చేతి తొడుగులు వేసుకొని, ఆరుబయట, మెత్తని పొడి కుంచెతో దుమ్ము మాత్రం దులిపాము.

డబ్బా అడుగున తడి చేరిన దూది ఉండేది. దానికి ఆనుకొన్న అయిదు బొమ్మలకు తెల్లని బూజు లాంటి పొడి పట్టింది. అది బూజు కాదు, సీసపు తుప్పు. గాలిలోని ఆమ్లాలు, తేమ కలిసి లోహాన్ని తినివేస్తాయి. కొన్ని రకాల చెక్కపెట్టెలలో దాచిన సీసానికి ఇది త్వరగా వస్తుంది. రేకు డబ్బాలో ఉండబట్టే మిగతావి బతికాయి. ఆ అయిదింటిని మేము ముట్టకుండా గాజు సీసాలో పెట్టి మూత బిగించాము. వాటిలో ఇద్దరు మద్రాసు సిపాయిలు, ఇద్దరు గాగ్రాలవారు, ఒక రౌతు. మిగిలినవి 41.

తలలు తిరిగి అతికించడానికి ఒక పాత ఉపాయముంది. బొమ్మ గుల్ల గదా, మెడ రంధ్రంలో అగ్గిపుల్ల ముక్క దూర్చి, దాని కొసకు తల గుచ్చి, కాస్త జిగురు పెడితే నిలుస్తుంది. సేకరణదారులు తరతరాలుగా చేస్తున్న పనే. డబ్బాలో ఆరు తలలే దొరికాయి. ఏడవవానికి అమ్మగారే వేపపుల్ల కొస చెక్కి తల చేసి, తలపాగా చుట్టినట్టు ఎర్ర దారం చుట్టారు. అసలు రంగు పోయినచోట మేము కొత్త రంగు వేయలేదు. పాతదాన్ని కప్పేస్తే దాని వయస్సు, దాని విలువ రెండూ పోతాయి. పైన పలుచగా వార్నిష్ పూసి ఆరబెట్టాము. అది చెయ్యి సీసాన్ని తాకకుండా కాస్త కాపాడుతుంది. అయినా పన్నెండేళ్ళు దాటినవారే ముట్టాలి, ముట్టినప్పుడు నోట్లో ఏమీ ఉండకూడదు, లేచేముందు సబ్బుతో చేతులు కడగాలి అని గోడమీద రాసిపెట్టాము.

బాగుచేసిన తరువాత ఏం చేయాలి? హైదరాబాదులో సాలార్ జంగ్ మ్యూజియం చూసినవారికి గుర్తుండే ఉంటుంది. మూడవ సాలార్ జంగ్ (1889–1949) దేశదేశాల నుండి తెప్పించిన వస్తువులలో పిల్లల ఆటబొమ్మలకు ఒక విభాగముంది, అందులో సైనికుల బొమ్మల వరుసలూ ఉన్నాయి. మన క్రైస్తవులు అక్కడికి వెళ్తే మేలిముసుగు రిబ్కా పాలరాతి విగ్రహం ముందు నిలబడి ఆది కాండము తలచుకొంటారు గాని బొమ్మల గదిలో ఎక్కువసేపు ఆగరు. ఏమైనా అవి అద్దాల వెనుక ఉన్నాయి. మా పిల్లలకు అద్దం వద్దు, ఆట కావాలి.

బొమ్మల సైన్యంతో బల్లమీద యుద్ధమాడటం తమాషాగా మొదలైనది కాదు. దాని మూలం మన చదరంగమే, నాలుగు బలాల ఆట. అది పడమటికి పోయి, జర్మనీలో 1780లో హెల్విగ్ అనే అధ్యాపకుని చేతిలో వేల గడులతో, కొండలు, నదులతో పెద్ద ఆటయింది. 1812లో రైస్‌విట్జ్ అనే ప్రష్యా ఉద్యోగి రాజుగారి కోసం మట్టి కొండలు, లోయలు అమర్చిన బల్ల తయారు చేశాడు. 1824లో ఆయన కుమారుడు, సైనికాధికారి, దాన్ని అసలైన పటాల మీద, పాచికలతో, మధ్యవర్తితో ఆడేలా మార్చాడు. ప్రష్యా సేనాధిపతి ఆ ఆట చూసి ముచ్చటపడి సైన్యమంతా నేర్చుకోవాలన్నాడు. బల్లమీద ఓడిపోతే రక్తం పోదు, నేర్చుకొన్నది మాత్రం మిగులుతుందని వారి లెక్క.

పిల్లల చేతికి ఆ ఆట నియమాలు రాసిచ్చిన ప్రసిద్ధుడు ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్, 1913లో. ఆయన నేలమీద ఆడేవాడు. కాల్బలం ఒక విడతకు ఒక అడుగు, గుర్రాలు రెండు అడుగులు. ఫిరంగి దగ్గర నలుగురు మనుషులైనా లేకపోతే అది పేలకూడదు. ఫిరంగి అంటే స్ప్రింగుతో చిన్న పుల్లను విసిరే బొమ్మ. చేయి చేయి కలిస్తే ఒకరికి ఒకరు పడిపోవాలి. వెల్స్ యుద్ధాన్ని అసహ్యించుకొన్న మనిషి. పెద్దలు కూడా ఈ చిన్న యుద్ధాలు నాలుగు ఆడితే, అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ పనో తెలుస్తుందని ఆయన ఆశ. పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. దానికి మన దేశం నుండి పది లక్షలకు పైగా వెళ్ళారు. తిరిగిరానివారు సుమారు 74,000. వెల్స్ ఆశ ఏమైందో వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి బొమ్మలతో ఆడితే పిల్లలు శాంతిదూతలవుతారని మేము ఎవరికీ మాట ఇవ్వలేదు.

సంఘపెద్దలలో ఒకరు, చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి విరమించినవారు, సూటిగానే అడిగారు. "అయ్యగారూ, సమాధానకర్త అయిన ప్రభువు మందిరంలో యుద్ధమా? పైగా దావీదు సైన్యాన్ని లెక్కించినందుకు గదా ఇశ్రాయేలీయుల మీదికి తెగులు వచ్చింది?" సమూయేలు రెండవ గ్రంథము 24వ అధ్యాయము ఆయనకు కంఠతా వచ్చు. మేము లూకా 14వ అధ్యాయము తీశాము. యుద్ధానికి బయలుదేరే రాజు ముందుగా కూర్చుండి, ఇరువదివేలతో వచ్చేవానిని పదివేలతో ఎదిరింపగలనా అని ఆలోచించుకొంటాడని, లేకపోతే అతడు ఇంకా దూరంగా ఉండగానే రాయబారం పంపి సమాధానం అడుగుతాడని ప్రభువే చెప్పారు. దావీదు తనకెంత ఉన్నదని లెక్కపెట్టాడు. ఈ రాజు ఎంత పోతుందని లెక్కపెడుతున్నాడు. పెద్దాయన పూర్తిగా ఒప్పుకోలేదు. "సరే గాని పాచికలు మాత్రం వద్దు" అన్నారు. అందుకే మా ఆటలో పాచికలు లేవు. మత్తీయను ఏర్పరచినప్పుడు చీట్లు వేశారు గదా అని, అంకెలు రాసిన చీట్లు ఖాళీ పౌడరు డబ్బాలో వేసి తీయిస్తున్నాము. ఆయనే వచ్చి డబ్బా పట్టుకొని కూర్చుంటారు.

ఏ యుద్ధం ఆడించాలనేది తరువాతి ప్రశ్న. ఎర్రకోటు సిపాయిలు, గాగ్రాల పటాలం, గుర్రాలు ఉన్నాయి కాబట్టి దగ్గరలో జరిగినదే ఎంచుకొన్నాము. నిజామాబాదు నుండి నాందేడ్, పర్భణీ మీదుగా పడమటికి పోయే రైలుమార్గంలోనే జాల్నా వస్తుంది. ఆ జిల్లాలోని అస్సాయే గ్రామం దగ్గర 1803 సెప్టెంబరు 23న కంపెనీ సేనాని ఆర్థర్ వెల్లెస్లీ, సింధియా, నాగపూరు భోంస్లేల సైన్యాలతో తలపడ్డాడు. ఆయన చేతిలోని సుశిక్షిత సైనికులు దాదాపు 4,500. రెండు స్కాట్లాండు పటాలాలు, ఐదు మద్రాసు సిపాయి పటాలాలు, కొంత గుర్రపు దళం. ఇవి గాక మైసూరు, మరాఠా మిత్రుల గుర్రాలు అయిదువేల వరకు నదికి ఇవతలే ఉండిపోయాయి. ఎదుట పోల్‌మన్ అనే హనోవర్ దేశస్థుడు తర్ఫీదిచ్చిన కాల్బలమే పదివేలకు పైగా, వందకు మించిన ఫిరంగులు, వేలకు వేలు గుర్రాలు. లూకా సువార్తలోని రాజు లెక్క కంటే ఇది మరీ కఠినమైన లెక్క.

ఒక్కో బొమ్మ 150 మందికి గుర్తు అనుకొన్నాము. 12 మంది సిపాయిలు, 10 మంది స్కాట్లాండువారు, 8 మంది రౌతులు, మొత్తం 30. సరిగ్గా 4,500. నిజానికి సిపాయిలు ఇంకా ఎక్కువ, తెల్లవారు తక్కువ ఉండాలి, ఉన్నదానితో సరిపెట్టుకొన్నాము. అవతలి కాల్బలానికి 72 కావాలి. న్యూరెంబర్గ్ చదును బొమ్మలు 11 పోను, మిగతా 61 పిల్లలే బంకమట్టితో చేశారు. గుర్రాలకు రెండు వందల మక్కగింజలు. నేల కోసం రెండు బల్లలు కలిపి చక్కెర గోనెసంచులు విప్పి పరిచాము. బోధన్ శక్కర్‌నగర్‌లో 1930లలో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 చివరలో మూతపడింది. ఆ సంచులు మాత్రం ఊళ్ళో ఇంకా ప్రతి ఇంట్లో ఉన్నాయి. అమ్మగారి పాత నీలం చీర చీల్చి కైత్నా, జువా అనే రెండు నదులు పరిచాము. అవి కలిసేచోటికి ముందు నాలుకలా ఉన్న నేల మీదే యుద్ధం జరిగింది. కందకుర్తిలో గోదావరి, మంజీర కలిసే చోటు చూసిన పిల్లలకు దాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

ఆట మొదట్లోనే ఒక చిక్కు పెట్టాము. "మీరు కైత్నా దాటాలి. రేవు లేదని దారి చూపేవారు అంటున్నారు. ఒడ్డున ఈవైపు ఒక ఊరు, ఆవైపు ఒక ఊరు ఉన్నాయి. ఏం చేస్తారు?" అన్నాము. రెంజల్ వైపు నుండి వచ్చే పిల్లవాడు ఆలోచించనైనా లేదు. "రెండు ఊర్లు ఎదురుబదురు ఉన్నయంటే నడుమ తొవ్వ లేకుండ ఉంటదా అయ్యగారూ? పిల్లనిచ్చుకుంటరు, అంగడికి పోతరు" అన్నాడు. వెల్లెస్లీ కూడా అచ్చం అలాగే అనుకొని సైన్యాన్ని ఆ ఊళ్ళ వైపు నడిపించాడు. రేవు అక్కడే ఉంది.

తాండా నుండి వచ్చే ఒక పిల్లవాడు మౌనంగా చూస్తూ, "వీళ్ళకు బువ్వ ఎవరు తెస్తరు?" అన్నాడు. మాకు ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. వెల్లెస్లీకి పగలూ రాత్రీ ఉన్న చింత అదే, ధాన్యం, ఎద్దులు. సైన్యం వెంట ఎద్దుల మీద ధాన్యం మోసుకొని నడిచినవారు బంజారాలు, మన లంబాడీ సోదరుల పూర్వికులు. వానాకాలంలో నదులు దాటడానికి మన గోదావరి పుట్టీల వంటి తోలు పుట్టీలు చేయించుకొన్నాడు ఆ సేనాని. వెంటనే పొలాల అమావాస్యకు చేసినట్టు మట్టి ఎద్దులు తయారయ్యాయి. ఎద్దులు వెనుకబడితే సైన్యం కదలరాదనే నియమం ఆ పిల్లవాడే పెట్టాడు. వెల్స్ పుస్తకంలో అది లేదు, ఉండవలసినది.

మొదటి ఆట పావుగంటలో నాశనమైంది. వెల్లెస్లీ పక్షం పిల్లలు ఫిరంగుల మీదికి ఎర్రకోట్లను గుంపుగా తోశారు. 30 లో 19 పడిపోయాయి. పడ్డప్పుడల్లా కేరింతలు. బొమ్మలను చేత్తో తుడిచినట్టు డబ్బా మూతలోకి నెట్టేస్తున్నారు. మాకు లోపల గుచ్చుకొన్నది. పెద్దాయన చెప్పినదే నిజమా అనిపించింది. ఆ రాత్రి డబ్బాకు తాళం వేసి ఊరుకోవాలనుకొన్నాము.

అప్పుడు గుర్తొచ్చింది ఒక పాస్టరుగారి ఇల్లు. ఇంగ్లండులో హావర్త్ అనే కొండ ఊరిలో పాట్రిక్ బ్రాంటీ సేవకుడు. తల్లిలేని నలుగురు పిల్లలు. 1826 జూన్‌లో ఆయన లీడ్స్ పట్టణం నుండి కొడుకు కోసం 12 చెక్క సైనికులను తెచ్చాడు. తెల్లవారి నలుగురు పిల్లలూ తలా ఒక బొమ్మ తీసుకొని దానికి పేరు పెట్టారు. పదేళ్ళ షార్లెట్ తన బొమ్మకు పెట్టిన పేరు వెల్లింగ్టన్ ప్రభువు. ఆ వెల్లింగ్టన్ ఎవరో కాదు, పన్నెండేళ్ళ తరువాత 1815లో వాటర్లూలో నెపోలియనును ఓడించిన అదే అస్సాయే సేనాని! పేర్లు పెట్టిన క్షణం నుండి ఆ చెక్కముక్కలు మనుషులయ్యాయి. వారి గురించి ఆ పిల్లలు ఏళ్ళ తరబడి కథలు రాసుకొన్నారు, పెద్దయ్యాక ముగ్గురు అక్కచెల్లెళ్ళూ పేరుపొందిన రచయిత్రులయ్యారు.

మరుసటి శనివారం మేము పిల్లలతో, "అస్సాయేలో పడిపోయిన తెల్ల అధికారుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. సిపాయిల పేర్లు పుస్తకాల దాకా రాలేదు. ఈ పన్నెండు మందికి మీరే పేర్లు పెట్టండి" అన్నాము. ఆడేవారు తొమ్మిది మంది, అందులో ఇద్దరు ఆడపిల్లలు. చాలామంది తమ తాతల పేర్లు పెట్టారు. ఒకడు దుబాయిలో ఉన్న తండ్రి పేరు పెట్టాడు. వేపపుల్ల తలవానికి ఎల్లయ్య అని పేరు వచ్చింది. కాగితం చీటీల మీద పేర్లు రాసి, పాత కంపెనీ చీటీలు లేని బొమ్మలు చూసి పాదాల క్రింద అంటించారు.

రెండవ ఆట రెండున్నర గంటలు సాగింది. ఒక్క జాన ముందుకు జరపడానికి చర్చలు. "మా తాతను ముందల పెట్టకురా" అని ఒకడు, "ఫిరంగి కాల్చినంక పోదాం" అని ఇంకొకడు. ఒక దశలో వారు నది అవతలికే వెళ్ళి సంధి అడగవచ్చా అని మమ్మల్ని అడిగారు. లూకా 14 మేము వారికి చెప్పలేదు. పెద్దాయన చీట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకొని మావైపు చూసి నవ్వారు. చీకటిపడేసరికి ఎనిమిది మంది పడ్డారు, ఎవరూ గెలవలేదు.

నిజంగా ఏం జరిగిందో అప్పుడు చూపించాము. వెల్లెస్లీ గెలిచాడు. 98 ఫిరంగులు పట్టుకొన్నాడు. ఆయన పక్షంలో చనిపోయినవారు, గాయపడినవారు కలిపి సుమారు 1,600 మంది. మా లెక్కకు 11 బొమ్మలు. పిల్లలు ఒక్కొక్కటే పేరు చదివి గోనెసంచి మీద పడుకోబెట్టారు. అవతలి పక్షంలో పడినవారు ఇంకా ఎక్కువ. మట్టి బొమ్మలకు పేర్లు పెట్టలేదని అప్పుడు తట్టింది ఒక ఆడపిల్లకు. "వాళ్ళకెందుకు పెట్టలే అయ్యగారూ?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేకపోయింది. యుద్ధం ముగిసిన రాత్రి వెల్లెస్లీ తల మోకాళ్ళ మధ్య పెట్టుకొని చాలాసేపు కూర్చుండిపోయాడని, ముసలితనంలో తన యుద్ధాలన్నిటిలో గొప్పది ఏదంటే అస్సాయే అన్నాడని మాత్రం చెప్పాము.

ఆ సాయంత్రం డబ్బా ఇచ్చిన పెద్దమ్మ కూడా వచ్చి గోడకానుకొని కూర్చుంది. ఆమె చిన్నకొడుకు సైన్యములో చేరి తిరిగి రాలేదని సంఘమంతటికీ తెలుసు. పిల్లల్లో ఒకడు, ఇంకా పేరులేని ఒక రౌతును తీసుకొని, మంచి మనసుతోనే, "అవ్వా, దీనికి మీ మామయ్య పేరు పెట్టాల్నా?" అన్నాడు. గది సద్దుమణిగింది. ఆమె ఆ బొమ్మను అరచేతిలో పెట్టుకొని చూసి, కొంగుతో తుడిచింది.

"వద్దు బిడ్డా. మావోని పేరు పెట్టకున్రి. మీరు ఆడేటప్పుడు వాడు మల్ల పడ్తడు" అన్నది.

తరువాత లేచి, పడుకోబెట్టిన 11 మందినీ ఒక్కొక్కరిని నిలబెట్టింది. ఆట ముగిసింది గనుక పిల్లలెవరూ ఏమీ అనలేదు. అమ్మగారు ఆమెకు టీ పట్టుకొచ్చి, ముందు సబ్బుతో చేతులు కడిగించారు.

ఇప్పుడు డబ్బా మా వెస్ట్రీ బీరువాలో ఉంది. నెలకొక శనివారం తీస్తాము. మట్టి బొమ్మలు 61లో ఇప్పటికి 40కి పేర్లయ్యాయి, మిగతావాటికి మరాఠీ పేర్లు కావాలని పిల్లలు నాందేడ్ వైపు చుట్టాలున్నవారిని అడుగుతున్నారు. రౌతుల బల్లేలు మూడు విరిగి ఉన్నాయి. చీపురుపుల్లలు పెడితే మరీ లావుగా కనిపిస్తున్నాయి, ఇంకా సన్ననిది ఏదైనా చూడాలి. ఆ పేరులేని రౌతు మాత్రం బల్ల మీదికి రాడు. అతనిని కిటికీ దగ్గర, ఎండ పడని మూల నిలబెట్టారు.